డిలీట్ కొట్టినా డిస్కులో జాగా ఎందుకు రాదు

మెయిల్ సర్వర్ డిస్కు 94 శాతం నిండిందంటే ఏ ఆఫీసులోనైనా మొదట జరిగేది ఒకటే. "అందరూ పాత మెయిళ్లు తీసేయండి" అని సర్క్యులర్ పోతుంది. అదీ మెయిల్లోనే, ఎక్కువసార్లు ఒక స్క్రీన్‌షాట్ అటాచ్ చేసి మరీ. చెప్పిన మాట విని తలా రెండు మూడు వేల మెయిళ్లు తీసేస్తారు. సాయంత్రం డిస్కు చూస్తే 94 శాతమే.

మెయిల్ సర్వర్‌లో తీసేయడం వేరు, జాగా రావడం వేరు. రెంటికీ మధ్య నాలుగైదు మెట్లున్నాయి. మెయిల్ ఏ మెట్టు మీద ఆగిందో చూసుకోకుండా ఎంత తీసినా డిస్కుకు తెలియదు.

ఇక్కడ చెప్పేది మన ఊళ్లో మామూలుగా కనబడే సెటప్ గురించి. బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో ఒక ఫ్యాక్టరీ, లేదా హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిటర్ ఆఫీసు. 30 నుంచి 100 మెయిల్‌బాక్సులు, ఒకే లైనక్స్ మెషీన్, దాని మీద మెయిళ్లు పంపి అందుకునే పోస్ట్‌ఫిక్స్, వాటిని దాచి మనకు చూపించే డవ్‌కాట్. మెయిళ్లు మెయిల్‌డిర్ పద్ధతిలో, అంటే ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్‌గా, ఒక టీబీ డిస్కులో. డవ్‌కాట్ 2.3 లెక్కన రాస్తున్నాను. 2.4లో కాన్ఫిగ్ రాసే తీరు బాగా మారింది కాబట్టి సెట్టింగ్ పేర్లు ఉన్నదున్నట్టు దించేయకండి. కమాండ్లను నోటితో చెప్పుకునేటట్టే రాస్తాను, కొట్టేటప్పుడు ఇంగ్లిష్‌లో కొట్టుకోండి.

ఒక డ్రాయింగ్ వెనకాలే వెళ్దాం

డిజైన్ సెక్షన్ నుంచి 15 ఎంబీ పీడీఎఫ్ ఒకటి ఆఫీసులోనే పన్నెండు మందికి పోయిందనుకోండి. అటాచ్‌మెంట్ ఉన్నదున్నట్టు మెయిల్లో కూర్చోదు, బేస్64లోకి మారుతుంది. ప్రతి 3 బైట్లు 4 అక్షరాలవుతాయి, దానికి తోడు 76 అక్షరాలకోసారి లైను ముగింపు. మొత్తం మీద మూడో వంతు కన్నా కాస్త ఎక్కువే పెరుగుతుంది. 15 ఎంబీ ఫైల్ డిస్కు మీద 20 ఎంబీ దాటుతుంది. పోస్ట్‌ఫిక్స్‌లో మెసేజ్ సైజ్ లిమిట్ మార్చకుండా వదిలేస్తే 1,02,40,000 బైట్లు. "పది ఎంబీ అన్నారుగా, నా ఎనిమిది ఎంబీ ఫైల్ ఎందుకు పోవట్లేదు?" అని అడిగేవాళ్లకు జవాబు కూడా ఈ బేస్64 లెక్కే. ఏడున్నర దాటిందంటే అది పోదు.

ఇప్పుడు పన్నెండు ఇన్‌బాక్సుల్లో పన్నెండు కాపీలు, పంపినవాళ్ల సెంట్ ఫోల్డర్‌లో ఒకటి. పదమూడు ఇరవైలు 260 ఎంబీ. ఒక్క డ్రాయింగ్‌కి. రివిజన్ 2, రివిజన్ 3 వస్తే మళ్లీ అంతంత.

ఇందులో ఒక మెలిక ఉంది. పన్నెండు మందికీ ఎల్ఎంటీపీలో (పోస్ట్‌ఫిక్స్ మెయిల్‌ను డవ్‌కాట్‌కి అందించే పద్ధతి) ఒకే విడతగా డెలివరీ అయితే డవ్‌కాట్ మొదటివాళ్లకు ఫైల్ రాసి, మిగతావాళ్లకు దానికే హార్డ్ లింక్, అంటే అదే ఫైల్‌కి ఇంకో పేరు, పెట్టే అవకాశం ఉంది. మీ దగ్గర అలా జరుగుతోందో లేదో పట్టుకోవడం తేలిక. ఆ ఫోల్డర్‌లో ఎల్ఎస్ మైనస్ ఎల్ కొట్టండి. పర్మిషన్ల పక్కన, రెండో గడిలో ఉన్న అంకె ఆ ఫైల్‌కి ఎన్ని పేర్లున్నాయో చెబుతుంది. అక్కడ 12 కనబడితే డిస్కు మీద ఉన్నది ఒక్క కాపీయే, కోటాలో, అంటే ఒక్కొక్కరికి ఇచ్చిన జాగా లెక్కలో మాత్రం పన్నెండు మందికీ 20 ఎంబీ చొప్పున పడుతుంది. అప్పుడు పదకొండు మంది ఆ మెయిల్ తీసేసినా డిస్కుకు ఒక్క బైటు కూడా రాదు. పన్నెండో మనిషి కూడా తీయాలి.

ఏ ఫోల్డర్ ఎంత జాగా తింటోందో చెప్పే డ్యూ కమాండు లెక్కలు మోసం చేసేదీ ఇక్కడే. ఒకే రన్‌లో హార్డ్ లింకులను డ్యూ ఒక్కసారే లెక్కపెడుతుంది, ముందు కనబడినవాళ్ల ఖాతాలో వేసేస్తుంది. పేర్లు అక్షర క్రమంలో ఇస్తే ఇంగ్లిష్ 'ఏ'తో మొదలయ్యేవాళ్లు పాపం ఎప్పుడూ ఎక్కువ వాడినట్టు కనబడతారు. మనిషి మనిషికీ విడి లెక్క కావాలంటే డ్యూ మైనస్ ఎల్ ఇవ్వాలి.

సరే, మనిషి డిలీట్ కొట్టాడు. ఏమవుతుంది?

మెయిల్ ప్రోగ్రామ్‌ను బట్టి ఉంటుంది. ఔట్‌లుక్‌లో ఐమ్యాప్ ఖాతాను (మెయిళ్లు సర్వర్‌లోనే ఉండే పద్ధతి) ట్రాష్‌కి పంపకుండా 'మార్క్ చేయి' అనే పద్ధతిలో పెట్టుకుంటే మెయిల్ మీద అడ్డగీత పడుతుంది, అంతే. సర్వర్‌లో ఫైల్ పేరు చివర ':2,ఎస్' అని ఉన్నది ':2,ఎస్‌టీ' అవుతుంది. ఎస్ అంటే చదివారని, టీ అంటే తీయమని గుర్తు పెట్టారని. 20 ఎంబీ 20 ఎంబీగానే ఉంది, పేరులో ఒక అక్షరం మాత్రం పెరిగింది. ఔట్‌లుక్‌లో పర్జ్ కొడితే తప్ప అది పోదు. థండర్‌బర్డ్, రౌండ్‌క్యూబ్ సాధారణంగా ట్రాష్‌కి పంపిస్తాయి. అంటే ఫైల్ అదే, ఫోల్డర్ మారింది. చాలా ఆఫీసుల్లో కథ ఇక్కడే ఆగిపోతుంది. అందరి ట్రాష్ ఫోల్డర్లు కలిపితే డిస్కులో పెద్ద ముక్క అవుతుంది, కానీ అదెవరికీ కనబడదు. మెయిల్‌డిర్‌లో సబ్‌ఫోల్డర్ల పేర్లు చుక్కతో మొదలవుతాయి కాబట్టి మామూలు ఎల్ఎస్‌లో రావు, డ్యూకి నక్షత్రం గుర్తు ఇచ్చినా రావు. డ్యూ మైనస్ హెచ్, మ్యాక్స్ డెప్త్ 1 అని ఇస్తేనే చుక్క ట్రాష్, చుక్క సెంట్ బయటపడతాయి.

ట్రాష్ కూడా ఖాళీ చేశారు. అయినా మూడు చోట్ల ఇరుక్కోవచ్చు. ఎక్స్‌పంజ్ అంటే సర్వర్ నుంచి శాశ్వతంగా తీయడం. లేజీ ఎక్స్‌పంజ్ ప్లగిన్ వాడుతుంటే, శాశ్వతంగా తీసిన మెయిల్ ఇంకో దాపుడు ఫోల్డర్‌లోకి పోతుంది. ఎండీబాక్స్ పద్ధతి వాడుతుంటే ఎన్నో మెయిళ్లు ఒకే ఫైల్లో ఉంటాయి, ఎక్స్‌పంజ్ చేస్తే లెక్కలో తీసేసినట్టు రాసుకుంటుందే గానీ ఫైల్ చిన్నదవదు. డవ్‌కాట్ సొంత కమాండు డవ్‌ఆడ్మ్‌తో 'డవ్‌ఆడ్మ్ పర్జ్' నడిపితేనే ఖాళీ అవుతుంది. దాన్ని క్రాన్‌లో (పెట్టిన వేళకు పనులు తనే నడిపే ఏర్పాటు) పెట్టడం మరిచిపోయి ఏళ్లుగా నడుస్తున్న సర్వర్లు ఉంటాయి. మూడోది స్నాప్‌షాట్, అంటే ఒక క్షణంలో డిస్కు ఎలా ఉందో అలా దాచిపెట్టుకోవడం. జెడ్‌ఎఫ్ఎస్, బీటీఆర్‌ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌ల మీద పాత స్నాప్‌షాట్ బతికున్నంత కాలం, అందులో ఉన్న ఫైళ్ల బ్లాకులు ఎక్కడికీ పోవు. 30 రోజుల స్నాప్‌షాట్లు ఉంచుకునేచోట ఈరోజు తీసిన మెయిళ్ల జాగా వచ్చే నెలలో వస్తుంది. అత్యవసరంగా డిస్కు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు ఇది గుర్తురాకపోతే గంటల తరబడి తీస్తూ కూర్చోవాల్సిందే.

పాత ఎంబాక్స్ పద్ధతి ఇంకా ఎక్కడైనా ఉంటే దాన్ని మార్చేయండి. అందులో ఫోల్డర్ మొత్తం ఒకే ఫైల్. 4 జీబీ ఇన్‌బాక్సులో మొదటి మెయిల్ తీస్తే వెనకున్నదంతా ముందుకు జరిపి తిరగరాయాలి.

ముందు కొలత

ఎవరు ఎంత తింటున్నారో తెలియకుండా అందరికీ సర్క్యులర్ పంపడం దండగ. మనిషికో రెండు వేల చిన్న మెయిళ్లు తీసినా ఒక్కోటి 30 కేబీ అనుకుంటే 60 ఎంబీ. మన డ్రాయింగ్ కాపీలు మూడిటికి సమానం.

ఫోల్డర్ వారీగా సైజు కావాలంటే:

'డవ్‌ఆడ్మ్ మెయిల్‌బాక్స్ స్టేటస్ మైనస్ యూ, మెయిల్ ఐడీ, కోట్స్‌లో మెసేజెస్ వీసైజ్, కోట్స్‌లో నక్షత్రం'

మొదటిసారి నిదానంగా నడుస్తుంది, ప్రతి మెయిల్ సైజూ తెలుసుకోవాలి కాబట్టి. రెండోసారి ఇండెక్స్ నుంచి చకచకా వస్తుంది. అలాగే 20 ఎంబీ దాటిన ఫైళ్ల కోసం ఫైండ్‌కి మైనస్ సైజ్ ప్లస్ 20ఎం ఇచ్చి ఒక లిస్టు తీయండి. ఈ రెండు లిస్టులు పక్కపక్కన పెట్టుకుంటే పది నిమిషాల్లో బొమ్మ తేలిపోతుంది.

చాలాసార్లు పైనుండేది మనుషుల పేర్లు కావు. సీసీటీవీ డీవీఆర్ నుంచి కదలిక కనబడినప్పుడల్లా ఫొటోతో వచ్చే అలర్ట్ మెయిల్‌బాక్సు. గోడౌన్‌లో పిల్లి నడిచినా ఒక మెయిల్. జిరాక్స్ మెషీన్ నుంచి స్కాన్ చేసి మెయిల్ కొట్టే ఖాతా, దాని సెంట్ ఫోల్డర్. బ్యాకప్ అయిందని రోజూ చెప్పే ఖాతా. ఏ పేరుకి రాసినా వచ్చి పడే క్యాచ్ ఆల్. ఇవి కాక మెయిల్‌బాక్సుల బయట: సర్వర్‌లో వార్ మెయిల్ అనే డైరెక్టరీ కింద రూట్ (అడ్మిన్ ఖాతా) పేరుతో ఉన్న ఫైల్, క్రాన్ జాబులు చెప్పుకునే సంగతులన్నీ అందులో పేరుకుంటాయి. స్పామ్, వైరస్ పట్టే అమావిస్ వాడితే దాని క్వారంటైన్ ఫోల్డర్, అది తనంతట తాను ఎప్పుడూ ఖాళీ చేసుకోదు. వీటిని తీస్తే ఎవరూ ఫోన్ చేసి అడగరు. మొదట ముట్టాల్సినవి ఇవే.

ఆ తర్వాత సెంట్ ఫోల్డర్లు. మనుషులు ఇన్‌బాక్సు శుభ్రం చేస్తారు గానీ సెంట్ వైపు చూడరు. ఎంక్వైరీకి కొటేషన్, క్యాటలాగ్ కలిపి పంపే సేల్స్‌వాళ్ల సెంట్ ఫోల్డర్‌లో అదే 8 ఎంబీ క్యాటలాగ్ వందల సార్లు ఉంటుంది. క్యాటలాగ్‌ను వెబ్‌సైట్‌లో పెట్టి లింకు పంపమని చెప్పడం ఏ కమాండు కన్నా మెరుగ్గా పనిచేస్తుంది. దసరాకీ సంక్రాంతికీ ఆఫీసు మొత్తానికి పోయే పెద్ద పెద్ద శుభాకాంక్షల బొమ్మల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఏ తేదీ?

"రెండేళ్లు దాటినవి తీసేయి" అనడం సులువు. ఏ తేదీ నుంచి రెండేళ్లు? డవ్‌కాట్‌కి మూడు తేదీలు తెలుసు, మూడింటికీ మూడు మాటలున్నాయి. చేతులు కాల్చుకునేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే కాల్చుకుంటారు.

సెంట్‌బిఫోర్ అంటే మెయిల్ హెడర్‌లో పంపినవాళ్లు రాసుకున్న తేదీ. దాన్ని నమ్మడానికి లేదు. డీవీఆర్ లోపలి బ్యాటరీ అయిపోతే కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ దాని గడియారం 2000 జనవరి 1కో ఇంకెక్కడికో పోతుంది. అది ఈరోజు పంపిన అలర్ట్ మీద పాతికేళ్ల నాటి తేదీ ఉంటుంది. సెంట్‌బిఫోర్‌తో పాతవి తీశారంటే నిన్న రాత్రి దొంగతనం ఫొటో కూడా వాటితో పోతుంది.

బిఫోర్ అంటే సర్వర్ ఆ మెయిల్‌ను అందుకున్న తేదీ. మెయిల్‌డిర్‌లో అది ఫైల్ ఎంటైమ్ (ఫైల్ చివరిసారి మారిన టైము) నుంచి వస్తుంది. కాబట్టి పాత సర్వర్ నుంచి కొత్తదానికి మెయిళ్లు మామూలు సీపీతో లాగేస్తే అన్ని మెయిళ్లకీ ఈరోజు తేదీయే పడుతుంది. ఆర్‌సింక్ మైనస్ ఏ తో తేవాలి, లేదా సీపీకి మైనస్ పీ ఇవ్వాలి.

సేవ్డ్‌బిఫోర్ అంటే ఆ మెయిల్ ఆ ఫోల్డర్‌లోకి వచ్చిన తేదీ. ట్రాష్‌కి వాడాల్సింది ఇదొక్కటే. ఎందుకంటే 2018 నాటి మెయిల్‌ను ఒకరు ఇవాళ పొద్దున పొరపాటున తీశారనుకోండి. క్రాన్‌లో 'ట్రాష్, బిఫోర్ 30డీ' అని ఉంటే ఆ మెయిల్ ఇవాళ రాత్రికే శాశ్వతంగా పోతుంది. 'సేవ్డ్‌బిఫోర్ 30డీ' అని ఉంటే ట్రాష్‌కి వచ్చిన రోజు నుంచి నెల టైముంటుంది. ఇన్‌బాక్సుకీ సెంట్‌కీ మాత్రం బిఫోరే సరి. సర్వర్ మార్చాక సేవ్డ్‌ తేదీ అన్నిటికీ మార్చిన రోజే అవుతుంది కాబట్టి, దానితో వెతికితే ఏడాది దాకా ఏడాది దాటిన మెయిల్ ఒక్కటీ దొరకదు.

ఇంకో సంగతి. ఈ కమాండుల్లో రోజులు, వారాలు ఉన్నాయి, నెలలు, ఏళ్లు అనే కొలత లేదు. రెండేళ్లంటే 730డీ అని రాయాలి, లేదా 2022-04-01 లాంటి తేదీయే నేరుగా ఇవ్వాలి. మన లెక్కలన్నీ ఏప్రిల్ నుంచి మార్చి దాకా కాబట్టి తేదీ ఇవ్వడమే మేలు.

తీసే ముందు అదే ప్రశ్నను సెర్చ్‌తో అడగండి:

'డవ్‌ఆడ్మ్ సెర్చ్ మైనస్ యూ, మెయిల్ ఐడీ, మెయిల్‌బాక్స్ సెంట్, బిఫోర్ 2022-04-01, లార్జర్ 5ఎం'

ఎన్ని వచ్చాయో డబ్ల్యూసీ మైనస్ ఎల్‌తో లెక్కపెట్టండి. సెర్చ్ బదులు ఫెచ్ పెట్టి, కోట్స్‌లో హెచ్‌డీఆర్ చుక్క సబ్జెక్ట్ ఇస్తే పోబోయే మెయిళ్ల విషయాలు కనబడతాయి. అది ఒకసారి కళ్లతో చూసి, సంబంధించినవాళ్లకు చూపించి, అప్పుడు సెర్చ్ తీసి ఎక్స్‌పంజ్ పెట్టండి. మిగతా కమాండు అక్షరం మారకూడదు. ఎక్స్‌పంజ్‌కి మెయిల్‌బాక్స్ పేరు, ఇంకో షరతు రెండూ ఇవ్వకపోతే అది నడవనే నడవదు. ఆ జాగ్రత్త మంచిదే గానీ, తప్పు షరతు ఇస్తే మాత్రం అడ్డుకోదు.

ట్రాష్, జంక్ ఫోల్డర్లకు డవ్‌కాట్‌లోనే ఆటోఎక్స్‌పంజ్ ఉంది. ఆ మెయిల్‌బాక్స్ బ్లాకులో 'ఆటోఎక్స్‌పంజ్ ఈక్వల్స్ 30డీ' అని రాస్తే సరిపోతుంది. అయితే అది నడిచేది మనిషి లాగౌట్ అయినప్పుడో, ఎల్ఎంటీపీలో కొత్త మెయిల్ వచ్చినప్పుడో. ఉద్యోగం మానేసినవాళ్ల ఖాతాలో లాగిన్ లేదు, కొత్త మెయిల్ లేదు, కాబట్టి ట్రాష్ అలాగే ఉంటుంది. అందుకని వారానికోసారి రాత్రిపూట మైనస్ క్యాపిటల్ ఏ తో అందరి మీదా నడిచే క్రాన్ కూడా పెట్టుకోవాలి. యూజర్ల జాబితా ఎస్‌క్యూఎల్‌లో ఉంటే అందరి పేర్లూ వరసగా ఇచ్చే ఇటరేట్ క్వెరీ రాసి ఉంటేనే ఆ మైనస్ ఏ పనిచేస్తుంది. నెలలో 11, 20 తేదీల చుట్టూ, అంటే జీఎస్టీ రిటర్నులు వేసే రోజుల్లో, ఆడిటర్ ఆఫీసు సర్వర్ మీద ఇలాంటివి పెట్టుకోకండి. లక్షల చిన్న ఫైళ్లు తీస్తుంటే తిరిగే డిస్కు ఊపిరాడక ఐమ్యాప్ అంతా నత్తనడక నడుస్తుంది.

వంద శాతం నిండిపోతే

నిండిపోయాక మెయిళ్లు తీద్దామంటే అవీ పోవు. ఎక్స్‌పంజ్ చేయాలన్నా డవ్‌కాట్ తన ఇండెక్స్ లాగ్‌లో రాసుకోవాలి, రాసుకోడానికి జాగా లేదు. కాబట్టి మెయిళ్ల జోలికి పోకుండా ముందు కాస్త ఊపిరి తెచ్చుకోవాలి.

కంగారు మాత్రం వద్దు. క్యూ, అంటే పంపాల్సిన మెయిళ్లు ఆగి ఉండే చోటు, ఉన్న డిస్కులో ఖాళీ మెసేజ్ సైజ్ లిమిట్‌కి ఒకటిన్నర రెట్ల కన్నా తగ్గితే పోస్ట్‌ఫిక్స్ కొత్త మెయిల్‌కి 452 4.3.1 అని జవాబిస్తుంది. అది తాత్కాలిక తిరస్కారం. అవతలి సర్వర్ దాచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, పోస్ట్‌ఫిక్స్ అయితే డిఫాల్ట్‌గా 5 రోజులు. మెయిల్ అప్పుడే పోయినట్టు కాదు. ఈ కంగారులో కొందరు చేసే ఘోరం 'పోస్ట్‌సూపర్ మైనస్ డీ ఆల్'. అది క్యూలో ఉన్న మంచి మెయిళ్లను కూడా తుడిచేస్తుంది, వాటికి కాపీ ఎక్కడా ఉండదు.

ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌తో ఫార్మాట్ చేసిన డిస్కయితే చేతిలో ఒక చిట్కా ఉంది. డిఫాల్ట్‌గా 5 శాతం రూట్ కోసం దాచి ఉంచుతుంది. ఒక టీబీలో అది 50 జీబీ. మెయిళ్లకే కేటాయించిన పార్టిషన్‌కి అంత అక్కర్లేదు. 'ట్యూన్2ఎఫ్ఎస్ మైనస్ ఎం 1' కొడితే 1 శాతానికి తగ్గుతుంది, సర్వీసులేవీ ఆపకుండానే 40 జీబీ వచ్చిపడుతుంది. అయితే ఇది ఒక్కసారికే. ఎక్స్ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ వాడేవాళ్లకు ఈ వీలు లేదు. వాళ్లు ముందుగానే ఎఫ్‌అలొకేట్‌తో 2 జీబీ ఉత్త ఫైల్ ఒకటి చేసి పెట్టుకుంటే ఆపదలో దాన్ని తీసి ఆ జాగాలో పని చేసుకోవచ్చు. పని అయ్యాక మళ్లీ పెట్టడం మరవకూడదు.

డిస్కు మొత్తంలో ఖాళీ ఎంతో చెప్పే డీఎఫ్ ఒక లెక్క, డ్యూ ఇంకో లెక్క చెబుతుంటే, తీసేసిన ఫైల్‌ను ఏదో ప్రోగ్రామ్ ఇంకా పట్టుకుని ఉండవచ్చు. 'ఎల్ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్1' కొడితే ఎవరో తెలుస్తుంది. ఎక్కువగా ఎవరో ఆర్ఎం కొట్టిన లాగ్ ఫైలే ఉంటుంది. ఆ సర్వీస్‌ను రీస్టార్ట్ చేస్తే జాగా వదులుతుంది.

డిస్కులో 40 శాతం ఖాళీ కనబడుతూనే "నో స్పేస్ లెఫ్ట్" అంటుంటే డీఎఫ్ మైనస్ ఐ చూడండి. అయిపోయింది ఐనోడ్‌లు, అంటే ఒక్కో ఫైల్ వివరాలు రాసుకునే గళ్లు. మెయిల్‌డిర్‌లో మెయిల్‌కో ఐనోడ్ కావాలి. ఎక్స్‌టీ4 మామూలుగా 16 కేబీకి ఒకటి చొప్పున ఇస్తుంది, ఒక టీబీకి 6 కోట్ల పైన. అంత ఉంటే అయిపోయే ప్రశ్నే లేదు. కానీ ఫార్మాట్ చేసినవాళ్లు లార్జ్‌ఫైల్ ఆప్షన్ పెట్టి ఉంటే ఎంబీకి ఒకటే వస్తుంది, మొత్తం పది లక్షల లోపే. వంద మంది ఆఫీసుకు అది చాలదు. తర్వాత పెంచడానికి కుదరదు, ఫార్మాట్ చేసి తిరిగి ఎక్కించాల్సిందే. ఎక్స్ఎఫ్ఎస్ ఐనోడ్‌లను కావలసినప్పుడు పుట్టించుకుంటుంది, ఈ బాధ అంతగా ఉండదు.

ఆ ఆదుర్దాలో చెయ్యి పడకూడనివి రెండున్నాయి. ఒకటి డవ్‌కాట్ యూఐడీలిస్ట్ అనే ఫైల్. చిన్నదే, తీస్తే జాగా ఏమీ రాదు. కానీ అది పోతే మెయిళ్లన్నీ కొత్త నంబర్లతో లెక్కకొస్తాయి, ఆఫీసులో ప్రతి కంప్యూటరూ ప్రతి ఫోనూ మెయిల్‌బాక్సు మొత్తాన్ని మళ్లీ దించుకుంటాయి. ఆ ఒక్కరోజులో ఇంటర్నెట్ లైను ఆగమాగం అవుతుంది. రెండోది మెయిల్ లాగులు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్ ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు ఉంచాలి. తీయకండి, లాగ్‌రొటేట్‌తో కంప్రెస్ చేయండి. ఉత్త టెక్స్ట్ కాబట్టి బాగా చిక్కిపోతాయి.

తీయకూడని పాత మెయిళ్లు

ఇన్‌వాయిస్‌లు, పర్చేజ్ ఆర్డర్లు మెయిల్లోనే నడుస్తాయి. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 128 ప్రకారం ఖాతా పుస్తకాలు, వోచర్లు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. జీఎస్టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు, కేసు నడుస్తుంటే ఇంకా ఎక్కువ. ఆడిటర్‌ని అడగకుండా అకౌంట్స్‌వాళ్ల మెయిళ్ల మీద ఎక్స్‌పంజ్ నడపకండి. అవి తీయాల్సినవి కావు, పక్కకు జరపాల్సినవి.

పక్కకు జరపడమంటే ఆర్కైవ్ 2019, ఆర్కైవ్ 2020 అని ఫోల్డర్లు చేసి 'డవ్‌ఆడ్మ్ మూవ్'తో పంపడం. ఫోల్డర్ మారితే డిస్కులో తేడా రాదని పైన చెప్పుకున్నాం కదా. ఆర్కైవ్ పేరుతో వేరే నేమ్‌స్పేస్ (డవ్‌కాట్‌లో విడి ఫోల్డర్ల గుంపు) చేసి దాని లొకేషన్ ఇంకో చవక డిస్కు మీద పెడితేనే అసలు డిస్కు తేలికపడుతుంది. జడ్‌లిబ్ ప్లగిన్ పెట్టి కంప్రెషన్ ఆన్ చేయండి. పీడీఎఫ్, జేపెగ్ లాంటివి మామూలుగా కంప్రెస్ కావంటారు, కానీ మెయిల్లో అవి బేస్64 రూపంలో ఉంటాయి. ఆ ఉబ్బు దిగిపోతుంది కాబట్టి వాటికే దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది, టెక్స్ట్ మెయిళ్లయితే ఇంకా ఎక్కువ. కంప్రెషన్ ఆన్ చేసింది మొదలు రాసే మెయిళ్లకే ఇది వర్తిస్తుంది, అంతకుముందువి ఉన్నట్టే ఉంటాయి. ఒకసారి మొదలుపెట్టాక ఆ ప్లగిన్‌ను తీయకూడదు. తీస్తే పాత మెయిళ్లన్నీ పిచ్చి అక్షరాలుగా కనబడతాయి.

కొందరు మెయిల్ ఉంచి అటాచ్‌మెంట్ మాత్రం పీకేయమంటారు. జాగా వస్తుంది, నిజమే. కానీ మెయిల్ శరీరం మారింది కాబట్టి పంపిన సర్వర్ దాని మీద వేసిన డీకిమ్ అనే డిజిటల్ సంతకం ఇక సరిపోలదు. పేచీ వచ్చినప్పుడు ఆ మెయిల్ ఉన్నదున్నట్టుగా లేదని అవతలివాళ్లు అనడానికి సందు దొరుకుతుంది. సప్లయర్‌తో, కస్టమర్‌తో నడిచిన మెయిళ్లకు ఆ పని వద్దు.

మానేసినవాళ్ల మెయిల్‌బాక్సులు: ముందు కొత్త మెయిళ్లు వాళ్ల స్థానంలో వచ్చినవాళ్లకు పోయేట్టు ఏలియాస్ పెట్టండి. తర్వాత మెయిల్‌డిర్ మొత్తాన్ని టార్ చేసి (ఒకే ఫైల్‌గా కట్టి) కంప్రెస్ చేయండి, ఎస్‌హెచ్‌ఏ256 సమ్ (ఫైల్ మారలేదని చూపే హ్యాష్ విలువ) తీసి అదే రోజు ఒక రిజిస్టర్‌లో రాసి పెట్టండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువకు గడి ఉంది. టార్ రెండు చోట్ల ఉండాలి, ఒకటి ఆఫీసు బయట. వేరే ఫోల్డర్‌లో విప్పి, అందులోంచి ఏదో ఒక పాత మెయిల్‌ను అటాచ్‌మెంట్‌తో సహా తెరిచి చూశాకే అసలుది తీయాలి.

కోటా గురించి కాస్త

కోటా లేని సర్వర్ మళ్లీ నిండుతుంది. పెట్టేటప్పుడు రెండు పొరపాట్లు మామూలు. ట్రాష్‌ను కోటా నుంచి పూర్తిగా మినహాయించడం ఒకటి. ఆ సంగతి ఒకరికి తెలిస్తే ఆఫీసంతా తెలుస్తుంది, దాచుకోవాల్సిన మెయిళ్లు ట్రాష్‌లో దాచుకోవడం మొదలవుతుంది. ఆ తర్వాత 30 రోజుల ఆటోఎక్స్‌పంజ్ నడిస్తే గొడవ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మినహాయింపు బదులు ట్రాష్‌కి అదనంగా 100 ఎంబీ ఇస్తే చాలు, ఇన్‌బాక్సు నిండినప్పుడు తీసిన మెయిల్ ట్రాష్‌కి పోవడానికి ఆ మాత్రం చోటు కావాలి.

రెండోది, నిండిన మెయిల్‌బాక్సుకి వచ్చే మెయిల్‌ను లోపలికి తీసుకున్నాక తిప్పి పంపడం. స్పామ్‌లో పంపినవాళ్ల అడ్రస్ దొంగది కాబట్టి ఆ తిరుగు టపా ఏ పాపం ఎరగనివాళ్లకు పోతుంది, మీ ఐపీ అడ్రస్ బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కుతుంది. డవ్‌కాట్‌లో కోటా స్టేటస్ సర్వీస్‌ను ఆన్ చేసి, పోస్ట్‌ఫిక్స్ రెసిపియెంట్ రెస్ట్రిక్షన్లలో చెక్ పాలసీ సర్వీస్ కింద చేర్చండి. అప్పుడు గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. చేర్చాక ఒక టెస్ట్ ఖాతాకి 1 ఎంబీ కోటా పెట్టి, దాన్ని నింపి, బయటి మెయిల్ నుంచి ఒకటి పంపి లాగ్‌లో చూడండి. రిజెక్ట్ అనే మాట ఎస్ఎంటీపీడీ లైనులో కనబడాలి. కోటా నిండిందన్న సంగతి ఎల్ఎంటీపీ లైనులో కనబడిందంటే మెయిల్ అప్పటికే లోపలికి వచ్చేసిందని, పాలసీ లైను రాసిన చోటు తప్పని అర్థం. చాలాసార్లు అది పర్మిట్ లైనుల్లో దేనికో కింద పడి ఉంటుంది, దాని దాకా రాకుండానే మెయిల్ దాటిపోతుంది.

ఎవరో సర్వర్‌లోకి దిగి చేత్తో ఫైళ్లు తీసి ఉంటే కోటా లెక్క తప్పి, ఖాళీ మెయిల్‌బాక్సు కూడా నిండినట్టు చూపించవచ్చు. 'డవ్‌ఆడ్మ్ కోటా రీకాల్క్ మైనస్ యూ' అని ఆ ఖాతా పేరు ఇస్తే సర్దుకుంటుంది.